వీపు మీద క్లిప్పులు

…భయం అని తేల్చి చెప్పలేను. భయమైతే ఎక్కడో మొదలవుతుంది, ఎక్కడో ఆగుతుంది. ఇది ఆగడం లేదు. నా ఎడమ జేబు వెనక, అస్తరుకు ఆనుకుని, ఈ అమ్మాయి గుండె తలుపు తట్టబోయి వెనక్కి తగ్గే చెయ్యిలా కొట్టుకుంటోంది. వేళ్ళు నా నడిమి గుండీని పట్టుకుని ఒకసారి ఇటు తిప్పుతున్నాయి, ఒకసారి అటు. ఆ గుండీ జోలికి పోవద్దమ్మా అని చెప్పాలని ఉంది. దానికో కథ ఉంది. ఆ కథలోని మనిషి ఈ తలుపుకు అవతలే కూర్చుని ఉన్నాడు. కాని చెప్పలేను. నేను ఒక కోటును.

లాయరు కోటును కాను, పెళ్ళికొడుకు కోటును కాను. హన్మకొండలో ఇంజనీరింగ్ కాలేజీకి పోయే దారిలో జ్యోత్స్న ఫోటో స్టూడియో అని ఒకటుంది. అందులో అద్దం పక్కన మేకుకు వేలాడుతూ, పాస్‌పోర్ట్ సైజు ఫోటో దిగడానికి వచ్చిన ప్రతివాడి ఒంటి మీదికీ ఎక్కి దిగిన కోటును. నన్ను కుట్టించినవాడు ఆ స్టూడియో పెట్టిన గట్టయ్య. దర్జీ నా వీపుకు కూడా మంచి గుడ్డే కత్తిరించబోతుంటే గట్టయ్య ఆపాడు.

“ముందట మంచిగుంటే సాలు. ఎనక ఎవడు జూస్తడయ్యా?”

అలా నా ముందు భాగం సూటు గుడ్డ అయింది, వీపు పల్చటి అస్తరు గుడ్డ అయింది. ఎంత లావు మనిషికైనా పట్టాలని పెద్ద కొలతతో కుట్టారు. సన్నటివాళ్ళు వస్తే వీపు దగ్గర గుడ్డను పోగుచేసి బట్టలారేసే క్లిప్పులు పెట్టేవాడు గట్టయ్య. ముందు నుంచి చూస్తే కొలత తీసి కుట్టించుకున్నట్టే ఉండేదాన్ని. వెనక నుంచి చూస్తే దండెం మీద ముడుచుకుపోయిన దుప్పటిలా ఉండేదాన్ని. వెనక నుంచి ఎవరూ చూసేవారు కాదు. గట్టయ్య తప్ప. ఆయనకు నవ్వు రాదు.

మనుషులు నా లోపలికి వచ్చేటప్పుడు మాట్లాడుకుంటూ వచ్చేవారు. ఒకడు లుంగీ మీదే నన్ను తొడుక్కునేవాడు, నడుము కింద కెమెరాకు పని లేదు కదా. ఒకాయన చొక్కా కాలరు మాసిందని దాన్ని లోపలికి మడిచి, మెడ దగ్గర నన్ను పైకి లాక్కునేవాడు. ఆ తర్వాత అద్దం ముందు నిలబడి దువ్వెన తీసేవారు. అద్దంలో తమకన్నా కొంచెం మంచి ఉద్యోగంలో ఉన్న మనిషి కనిపించేవాడు. ఆ మనిషికి వీళ్ళు ఒక రకమైన మర్యాద ఇచ్చేవారు. మెడ నిటారుగా పెట్టేవారు. గట్టయ్య “రెడీ” అనగానే ఊపిరి బిగబట్టేవారు. అందరూ. బిగబట్టమని ఎవరూ చెప్పలేదు. ఫోటోలో ఊపిరి కనిపించదు. అయినా బిగబట్టేవారు, లోపలున్నది కాస్త కదిలినా పైకి తెలిసిపోతుందేమోనన్నట్టు. నాకు తెలిసిన మనుషులంతా అలా ఊపిరి బిగబట్టిన ఛాతీలే. మొహాలు పెద్దగా గుర్తుండవు.

ఒకటి తప్ప.

ఆ కుర్రవాడు ఆ కాలేజీలోనే ఎం.టెక్. చదువుతున్నాడు. బక్కగా ఉంటే నాకు క్లిప్పులు బాగా పట్టాయి. స్టూలు మీద కూర్చుని నా నడిమి గుండీని తిప్పడం మొదలుపెట్టాడు. తను తిప్పుతున్నట్టు తనకే తెలియదు.

“నవ్వాల్నా సార్?” అని అడిగాడు గట్టయ్యను.

“నువ్వు ఏడ్వకుంటే సాలు. ఏ ఊరికి ఫోటో?”

“జపాన్. ప్రయోగశాలల పనికి పిలిచిన్రు. ఇంక ఖాయం కాలె.”

కాలేదు అన్న మాట దగ్గర గుండీ దారం తెగింది. గుండీ నేల మీద పడి, దొర్లి, బొమ్మల పరదా కిందికి పోయింది. ఆ రోజు వెతికారు, మర్నాడు వెతికారు, దొరకలేదు. ఆ కుర్రవాడు అదేదో కాలేజీ మిషన్ విరగ్గొట్టినంత పని చేసినట్టు మళ్ళీ మళ్ళీ క్షమించమన్నాడు. గట్టయ్య ఇంట్లో వెతికితే నల్ల గుండీ లేక, తన భార్య స్వెట్టరుదో ఏదో గోధుమరంగు గుండీ తెచ్చి అతని ముందే కుట్టాడు. అప్పటి నుంచి నా మీద రెండు నల్ల గుండీలు, మధ్యలో ఒక గోధుమరంగు గుండీ. నలుపు తెలుపు ఫోటోల్లో తేడా తెలిసేది కాదు.

ఆ కుర్రవాడు ఫోటోలు తీసుకుపోవడానికి రాలేదు. గట్టయ్య కొన్నాళ్ళు వాటిలో ఒకదాన్ని అద్దం చెక్కకు గుచ్చి ఉంచాడు, దారిన పోతూ గుర్తుపట్టి తీసుకుంటాడని. నేను పక్కనే మేకుకు ఉండేదాన్ని. ఎండ తగిలి ఆ మొహం తెల్లబడిపోయేదాకా రోజూ చూశాను. ఎందుకు రాలేదో నాకు తెలియదు. కోటుకు తెలిసేది ఫోటో దిగేంతవరకే.

గట్టయ్య పోయాక కొడుకు ఓదెలు స్టూడియోలో కూర్చున్నాడు. కంప్యూటరు వచ్చింది. ఇప్పుడు ఎవరు వచ్చినా ఒంటి మీది చొక్కాతోనే ఫోటో తీసి, కోటును తర్వాత మౌసుతో తొడుగుతున్నాడు. ఒకే కోటు, ఒకే మడత, ఒకే టై. అందరికీ సరిపోతుంది, క్లిప్పులతో పని లేదు. దానికి చెమట వాసన తెలియదు, గుండె చప్పుడు తెలియదు. అదృష్టవంతురాలు అనుకున్నాను ఒక్కోసారి. పరదాలు దాచే పెట్టెలో, క్లిప్పులన్నీ జేబులో వేసుకుని, నేను ముడుచుకుని పడుకున్నాను.

మళ్ళీ వెలుగు చూసింది వినీల వల్ల. వినీల ఓదెలు అక్క కూతురు. అదే కాలేజీలో ఎం.టెక్. రెండో ఏడు, కాలేజీ హాస్టల్లో ఉంటుంది. పెట్టె మూత తెరిచి నన్ను రెండు చేతులతో పైకెత్తి చూసింది. పక్కన ఆమె స్నేహితురాలు నఫీసా ముక్కు మూసుకుంది.

“యా అల్లా, ఇది కోటా, బొగ్గుల సంచా?”

“మామా, దీన్ని ఒక్క రోజు తీసుకుంటనే. వీడియోల ఇంటర్వ్యూ ఉంది.”

“తీస్కో బిడ్డా. ఇంటర్వ్యూ గూడ ఈడనే ఇయ్యి. ఎనక తెల్ల పరదా ఉంది, లైట్లున్నయ్, నెట్టు మంచిగొస్తది. నీ హాస్టల్ల ఏముంటది, ఎనక తీగ మీద తువ్వాలలు తప్ప?” అన్నాడు ఓదెలు. మేనకోడలికి దేశాలు దాటే ఇంటర్వ్యూ తన స్టూడియోలో జరగబోతోందన్న గర్వం ఆయన గొంతులో దాగలేదు.

వినీల పని ఏమిటో నాకు అప్పుడే తెలిసింది, నఫీసాతో కలిసి జవాబులు వల్లె వేస్తుంటే విన్నాను. సిమెంటు దిమ్మలకు చెవుల్లాంటి సెన్సర్లు అతికిస్తుంది. వాటిని మిషను కింద పెట్టి మెల్లగా నొక్కుతుంది. పైకి పగులు కనిపించకముందే దిమ్మ లోపల చిన్న చిన్న చప్పుళ్ళు మొదలవుతాయట, మనిషి చెవికి అందనివి. వాటిని పట్టుకోగలిగితే వంతెన కూలకముందే చెప్పొచ్చట. విని నవ్వుకున్నాను. ఇన్నేళ్ళూ నేను చేసిన పనికి ఇంత చదువు కావాలా అని.

నార్వేలో సముద్రం పక్కన ఒక ఊళ్ళో ఆ పనే చేసే ప్రయోగశాల ఉంది. దాన్ని నడిపేది ఇంగ్రిడ్ అనే ప్రొఫెసరమ్మ. ఆమె దగ్గర మూడు నెలలు పని నేర్చుకుని రావడానికి ఇంటర్వ్యూ.

ఆ మధ్యాహ్నం నా వీపున ఆకుపచ్చవి, గులాబీవి క్లిప్పులు పెట్టి, ఓదెలు లైట్లు వేశాడు. నాకు ఇంగ్లీషు రాదు. స్టూడియో కోటుకు ‘రెడీ’, ‘స్మైల్’, ‘థాంక్యూ’ ఈ మూడే వచ్చు. అందుకే మాటలు వదిలేసి ఆమె ఛాతీనే విన్నాను. మొదట బిగబట్టి ఉంది. తర్వాత తన దిమ్మల గురించి చెబుతూ చెబుతూ ఊపిరి తీయడం మొదలుపెట్టింది. నా లోపల కూర్చుని ఎవరైనా మామూలుగా ఊపిరి తీయడం అదే మొదటిసారి. ఆ ఉత్సాహంలో, వెనక స్టూలు మీద పెట్టిన పగిలిన దిమ్మ ముక్కను చూపించడానికి లేచి, కెమెరాకు వీపు తిప్పింది.

ఓదెలు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. వినీలకు అప్పుడు తెలిసింది. వీపు మీద నుంచి చెమట ఒక్కసారిగా దిగింది.

ఇంటర్వ్యూ అయిపోయాక వినీల దిమ్మ ముక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నఫీసా భుజాలు పట్టి ఊపింది.

“ఏమందే ఆమె? గదేందో అడిగింది గదా, నవ్వింది గదా?”

“క్లిప్పులు జూసింది,” అంది వినీల. “నీకు గూడ సెన్సర్లు పెట్టుకున్నవా, చప్పుడేమన్న వినిపిస్తుందా అనడిగింది.”

“మరి నువ్వేమన్నవ్?”

“వినిపిస్తుంది మేడమ్ అన్న.”

నఫీసా నేల మీద కూర్చుని నవ్వింది. ఓదెలు నవ్వాడు. వినీల నవ్వలేదు. ఎదుటివాళ్ళు తనను చూసి నవ్వారా, తనతో కలిసి నవ్వారా అన్నది ఆమె ఆ రోజంతా ఆలోచించిందని నాకు తెలుసు. హాస్టల్ గదిలో కుర్చీకి నన్ను తగిలించి, మంచం మీద కూర్చుని నా వంకే చూస్తూ ఉండిపోయింది. తిరిగి ఇవ్వడం మరిచిపోయింది. లేక, రాబోయే ప్రాజెక్టు రివ్యూకి కూడా కావాలని ఉంచుకుందో.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. రమ్మన్నారు. నఫీసా గదిలో గెంతింది. వినీల మెయిల్ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. మీ గైడ్‌కు సమ్మతమేనని ఆయన నుంచి ఒక మాట రావాలి, వచ్చే శుక్రవారం సాయంత్రంలోగా. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తాం.

గైడ్‌కు ఈ సంగతే తెలియదు.

ఆయన ముకుందం సార్. ఆ డిపార్ట్‌మెంటులో ఒక పద్ధతి ఉంది, ఎక్కడా రాసిపెట్టలేదు కాని అందరికీ తెలుసు. బయటివాళ్ళకు, అందులోనూ బయటి దేశపు ప్రొఫెసర్లకు, విద్యార్థి నేరుగా రాయకూడదు. ముందు సార్‌ను అడగాలి. సార్ సరేనంటే సార్ పేరు మీద రాయాలి. సార్‌ను దాటి రాయడం అంటే ఆయన కుర్చీలో కూర్చున్నట్టే. మరి వినీల ఎందుకు రాసింది? రాయాలని రాయలేదు. ఒక మధ్యాహ్నం లెక్క తేలక, ఇంగ్రిడ్ వాడిన పద్ధతి గురించి ఒక్క ప్రశ్న పంపింది. పెద్దవాళ్ళు జవాబివ్వరులే అనుకుంది. జవాబు వచ్చింది, ఇంకో ప్రశ్నతో సహా. దానికి రాయకపోతే బాగుండదు. రాసింది. నీ దిమ్మల ఫోటోలు పంపు అంటే పంపింది. ఇక్కడికి వస్తావా అంటే వస్తానంది. ప్రతి అడుగూ చిన్నదే. ముందే సార్‌తో చెప్పవలసిన చోటు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే అది ఏ అడుగు దగ్గరో ఆమెకు కనిపించలేదు.

ఇక అక్కడి నుంచి ఆమె తలలో ఒక ముకుందం సార్ కాపురం పెట్టాడు.

మధ్యాహ్నాలు గదిలో ఎవరూ లేనప్పుడు నన్ను తొడుక్కుని గోడకున్న చిన్న అద్దం ముందు నిలబడేది. “సార్, ఒక చిన్న విషయం…” అని మొదలుపెట్టేది. వెంటనే ఆగేది. చిన్న విషయమైతే నా టైం ఎందుకు తింటున్నవ్ అంటాడు. “సార్, ఒక ముఖ్యమైన విషయం…” ముఖ్యమైందైతే ఇన్నాళ్ళు ఏం జేసినవ్ అంటాడు. “సార్, మీ ఆశీర్వాదంతో…” ఇది ఆమెకే నచ్చలేదు. ఏ వాక్యానికైనా తలలోని సార్ దగ్గర జవాబు తయారుగా ఉండేది. నాకు తెలిసినంతలో ఏ మనిషీ అంత చురుగ్గా జవాబు చెప్పలేడు. ఆ జవాబులు రాసేది ఆమే కనక, ఆమె బలహీనతలన్నీ ఆ సార్‌కు ముందే తెలుసు.

“నీ తలకాయల ఉన్న సార్‌కు జీతం ఎవరిస్తున్నరే?” అంది నఫీసా ఒకరోజు. “అసలు సార్ దగ్గరికి పో.”

పోయింది. నన్ను చేతి మీద వేసుకుని రోజూ పోయింది. ఆ గది ముందు వరండాలో విద్యార్థులు నిలబడే తీరు ఒకటుంది. తలుపు ఎవరూ తట్టరు. తలుపుకు కొంచెం పక్కగా, సార్ బయటికి వస్తే కనిపించేటట్టూ, రాకపోతే నిలబడనట్టూ నిలబడతారు. లోపల గంట మోగితే అటెండర్ సారమ్మ వెళ్తుంది. వచ్చి “పో” అంటే పోవాలి. ఆమె అనకపోతే ఆ రోజుకు లేదు. సార్ మనసు ఎలా ఉందో చెప్పేది కూడా సారమ్మే, ఆయన ఫ్లాస్కులో మిగిలిన చాయ్‌ని బట్టి.

“ఇయ్యాల వద్దు బిడ్డా. సగమే తాగిండు.”

ఇంకో రోజు, “మొత్తం తాగిండు గని, మల్ల గావాలె అనలె. రేపు రా.”

దీన్ని ఇంజనీరింగ్ చదివినవాళ్ళంతా నమ్ముతారు. సిమెంటు దిమ్మ ఎంత బరువుకు పగులుతుందో మిషను పెట్టి కొలిచే పిల్లలు, సార్ కోపాన్ని చాయ్‌తో కొలుస్తారు. వినీలకు అది హాయిగానే ఉండేదని నా అనుమానం. వద్దన్న ప్రతిసారీ ఆమె భుజాలు వదులయ్యేవి. తప్పు తనది కాదు, చాయ్‌ది.

కాని ఊపిరి మాత్రం వదులయ్యేది కాదు. మెయిల్‌కు జవాబు ఇవ్వలేదు. ఇంగ్రిడ్ ఏమనుకుంటుందో, అడిగి అడిగి ఇప్పుడు మాట్లాడదేమిటి అనుకుంటుందో అని ఇంకొక చింత మొదలైంది. వీసాకు ఫోటో దిగడానికి స్టూడియోకు పోతే ఓదెలు, “నవ్వకు బిడ్డా, నవ్వితే వీసా ఇయ్యరు” అన్నాడు. ఆ మాట అక్కర్లేకపోయింది. ఫోటో చూసి ఆయనే, “గింత గనం నవ్వకుండ ఉండాలె అనలేదే” అన్నాడు.

సార్‌తో ఇంకా చెప్పలేదని తెలిసి ఆయన కుర్చీలోంచి లేచాడు.

“నేనొచ్చి మాట్లాడ్తపా. నా కోడలు అని చెప్త.”

“వద్దు మామా, దండం పెడ్త. నువ్వొస్తే ఇంకా కొత్త తప్పయితది.”

ఉపాయం చెప్పింది నఫీసా. గురువారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో. నేను వినీల చేతి మీద మడతపడి ఉన్నాను, ఇస్త్రీకి తీసుకుపోతోంది.

“గింత పరేషాన్ ఎందుకే? నువ్వు రాసినవని ఎవలికి తెలుసు? వాళ్ళే రాసిన్రు అని చెప్పు. మన పేపర్ ఎక్కడో జూసిన్రు, సార్ పేరు జూసిన్రు, సార్ శిష్యులు ఎవలన్న ఉంటే పంపుండ్రి అన్నరు అని చెప్పు. ఉబ్బి పోతడు. నువ్వు దాటినట్టు గాదు, ఆయనే పంపినట్టయితది.”

వినీల గ్లాసు తిప్పింది. “మంచిగనే ఉంది,” అంది.

మంచిగానే ఉంది. నాకు బాగా తెలిసిన కుట్టు అది. ముందు సూటు గుడ్డ, వెనక అస్తరు. ఆ సాయంత్రం ఆమె అద్దం ముందు ఆ అబద్ధాన్ని చెప్పి చూసుకుంది. ఎక్కడా తడబడలేదు. తలలోని సార్ మొదటిసారి నోరు మూసుకున్నాడు. విచిత్రమేమిటంటే గుండె చప్పుడు మాత్రం తగ్గలేదు. నిజం చెప్పబోతున్నప్పుడు ఎంత ఉందో అంతే ఉంది. బహుశా ఆమె కూడా గమనించిందేమో, అద్దం ముందు నుంచి తొందరగా తప్పుకుంది.

శుక్రవారం రివ్యూ. సెమినార్ హాల్లో ముగ్గురు ప్రొఫెసర్లు వరసగా కూర్చున్నారు, మధ్యలో ముకుందం సార్. నేను ఆయనను చూడటం అదే. ఇన్నాళ్ళూ వినీల తలలో ఉన్న సార్ పొడుగ్గా, గట్టి గొంతుతో ఉండేవాడు. ఈయన బక్కపలచగా ఉన్నాడు. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. బల్ల మీద పెన్ను మూతను తిప్పుతున్నాడు, ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఆ వేళ్ళను నేను గుర్తుపట్టాను. తర్వాత మొహాన్ని గుర్తుపట్టాను. అద్దం చెక్కకు గుచ్చి, ఎండకు తెల్లబడిపోయిన మొహం.

అరవాలనిపించింది. కోటు అరవలేదు.

వినీల చెప్పడం మొదలుపెట్టింది. తెర మీది గీతను చూపించడానికి తిరిగినప్పుడు, వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మళ్ళీ క్లిప్పులు. ఈసారి నవ్వు హాలంతా పాకింది. ముకుందం సార్ చెయ్యి ఎత్తాడు, హాలు నిశ్శబ్దమైంది. వినీల ఇటు తిరిగింది. ఆయన చూపు ఆమె మొహం మీద లేదు. నా మీద ఉంది. నడిమి గుండీ మీద.

“ఆ కోటు…” అన్నాడు.

వినీల ఊపిరి పూర్తిగా ఆగింది.

ఆయన పెన్ను మూత తిప్పడం ఆపాడు. ఏదో అడగబోయి, పక్కన కూర్చున్నవాళ్ళ వంక ఒకసారి చూసి, “ఏం లేదు. కానియ్,” అన్నాడు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అందరినీ ప్రశ్నలతో వేధించే మనిషి, తన సొంత విద్యార్థిని ఒక్కటీ అడక్కుండా, అయిపోగానే లేచి వెళ్ళిపోయాడు.

“అయిపోయింది,” అంది వినీల వరండాలో. పెదాలు తెల్లబడ్డాయి. “కోపమొచ్చింది. అందరి ముందట ఆయన ఇజ్జత్ తీసిన. క్లిప్పులు పెట్టుకుని వచ్చిన.”

“కోపం అని నీకెట్ల తెలుసే? మొహం జూసినవా?” అంది నఫీసా.

“మొహం జూసే ధైర్యముంటే గిన్ని రోజులు ఎందుకు ఆగుత?”

సారమ్మ ఫ్లాస్కు పట్టుకుని గదిలోంచి వచ్చింది. మూత తీసి చూపించింది. నిండుగా ఉంది.

“ముట్టనేలే బిడ్డా. నేను గీ కొలువు జేసినంత కాలం జూడలే. కిటికీ దిక్కు మొహం బెట్టి కూసున్నడు. ఇయ్యాల అసల్కే వద్దు. సోమవారం రా.”

“సోమవారానికి ఏం ఉండదు సారమ్మా,” అంది వినీల. సాయంత్రం అవుతోంది. మెట్ల దగ్గర ఎండ ఎర్రబడుతోంది.

సారమ్మ కప్పులు కడగడానికి వెళ్ళింది. నఫీసా దగ్గరికి వచ్చి గుసగుసగా, “చెప్పేది యాదికున్నది గదా? వాళ్ళే రాసిన్రు. సార్ పేరు జూసి,” అంది.

వినీల తల ఊపింది. తలుపుకు కొంచెం పక్కగా నిలబడింది, నిలబడనట్టు. చెయ్యి నా నడిమి గుండీ మీదికి వచ్చింది.

ఇదిగో, మొదట నేను మాట్లాడటం మొదలుపెట్టింది ఇక్కడే. గుండె కొట్టుకుంటోంది. వేళ్ళు తిప్పుతున్నాయి. తలుపుకు అవతల, ఒకప్పుడు ఇదే గుండె చప్పుడుతో నా లోపల కూర్చున్న మనిషి. ఆయన జపాన్‌కు ఎందుకు పోలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరో పోనివ్వలేదో, ఆయనే ఇలా ఒక తలుపు పక్కన నిలబడి నిలబడి తిరిగి వెళ్ళిపోయాడో. ఇప్పుడాయన చాయ్ ఎందుకు ముట్టలేదో నాకు ఒక ఊహ ఉంది. అది తప్పు కావచ్చు. వినీలకూ ఒక ఊహ ఉంది. ఆమె నిలబడ్డది తన ఊహ ముందే కాని తలుపు ముందు కాదు.

దారం తెగింది.

గుండీ జారింది. ఈసారి నేల మీద పడలేదు. ఆమె అరచెయ్యి కింద ఉంది, అందులో పడింది. వినీల చెయ్యి విప్పి చూసుకుంది. చవకబారు గోధుమరంగు గుండీ, దాని రంధ్రాల్లో తెగిన నల్ల దారం. ఏం జరిగిందో అర్థం కావడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

“అయ్యో,” అంది. “మామ కోటు.”

నాకు నవ్వొచ్చింది. చేతిలో మూడు నెలల నార్వే జారిపోతుంటే, ఆమె బాధపడ్డది మామ గుండీకి. కాని ఆ “అయ్యో”తో పాటు ఊపిరి బయటికి వచ్చింది. చాలా రోజుల ఊపిరి. గుండీ లేక నేను ముందువైపు విచ్చుకుపోయాను. ఇక ముందు నుంచి కూడా బాగాలేను. ఆమె కిందికి చూసుకుంది. చెయ్యి వెనక్కి పెట్టి ఒక క్లిప్పు తీసింది, ఇంకొకటి తీసింది. చెయ్యి అందనివి నఫీసా తీసింది.

“ఏం జేస్తున్నవే?”

“ఉడుకుతుంది.”

నన్ను విప్పి, మడత కూడా పెట్టకుండా బెంచీ మీద వేసింది. క్లిప్పులు నా జేబులో పోసింది. పల్చటి నూలు కుర్తా, వీపు మీద చెమట చారలు. ఆమె వీపును నేను బయటి నుంచి చూడటం అదే మొదలు.

“నఫీసా, నేనే రాసిన అని చెప్త.”

“పాగల్ అయినవా? ఉన్నది బోతది!”

“పోతే పోనియ్. నేనే రాసిన గదా.”

నఫీసా నన్ను పక్కకు జరిపి బెంచీ మీద కూర్చుంది. వినీల గుండీని బెంచీ మీద పెట్టబోయి, అక్కడ పోతుందని, ఎడమ పిడికిట్లోనే ఉంచుకుంది. పక్క నుంచి జరిగి తలుపుకు ఎదురుగా వచ్చింది. నేను లోపలికి పోను. ఇక్కడ బెంచీ మీద, ఖాళీ చేతులు వేలాడేసుకుని ఉంటాను. ఆమె గుండె ఎలా కొట్టుకుంటోందో ఇక నాకు వినిపించదు. కాని ఆ గుండీ లోపలికి పోతుంది. దాన్ని గుర్తుపట్టే మనిషి లోపల ఉన్నాడు.

వరండా చివర సారమ్మ కప్పు కడుగుతున్నది కడుగుతున్నట్టే ఆపి చూస్తోంది. ఆ తలుపును ఇంతవరకూ ఏ విద్యార్థీ తట్టలేదు.

వినీల కుడిచేతి వేళ్ళు మడిచి, తలుపు తట్టింది.